తెనాలి జంక్షన్ రైల్వే స్టేషన్

తెనాలి జంక్షన్ రైల్వే స్టేషన్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, గుంటూరు జిల్లాలోని తెనాలి పట్టణములో ఉన్న రైల్వే స్టేషను. దీని స్టేషను కోడ్ టి.ఇ.ఎల్. హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గములో విజయవాడ, గూడూరుల మధ్య ఉన్న ముఖ్యమైన కూడళ్ళలో ఇది ఒకటి. ఇక్కడి నుండి పశ్చిమముగా గుంటూరుకు ఒక మార్గము, దక్షిణముగా రేపల్లెకు ఇంకొక మార్గము చీలిపోతాయి. ఉత్తరాన విజయవాడ, దక్షిణాన బాపట్ల వైపు పోయే ప్రధాన మార్గముతో కలిపి మొత్తము నాలుగు దిక్కులకు ఇక్కడి నుండి రైళ్ళు నడుస్తాయి. స్టేషను విజయవాడ రైల్వే డివిజను పరిధిలో ఉన్నది. గుంటూరు, రేపల్లె శాఖా మార్గములు గుంటూరు డివిజనుకు చెందినవి. అందువలన రెండు డివిజన్ల బండ్లు కలుసుకొనే చోటుగా కూడా దీనికి ప్రాధాన్యత కలదు.

భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోను ఈ స్టేషనుకు స్థానము ఉన్నది. 1942 ఆగష్టు 12న క్విట్ ఇండియా ఉద్యమములో భాగముగా ఆందోళనకారులు ఈ స్టేషనును తగులబెట్టారు. ఆనాటి పోలీసు కాల్పులలో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు.

భౌగోళిక స్థానము

తెనాలి కృష్ణా నది పశ్చిమ డెల్టాలో ఉన్న పట్టణము. పట్టణము గుండా కృష్ణా కాలువలు పారుతాయి. ఈ కాలువల వలననే దీనికి "ఆంధ్రా ప్యారిస్" అనే పేరు వచ్చినదని చెబుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారము పట్టణ జనాభా సుమారు 1.65 లక్షలు. చుట్టుప్రక్కల వరి, మినుము, పసుపు, నిమ్మ, అరటి పండించే గ్రామాలు ఉన్నాయి.

రైలు మార్గములో తెనాలి నుండి విజయవాడ సుమారు 32 కి.మీ., గుంటూరు సుమారు 25 కి.మీ., రేపల్లె సుమారు 34 కి.మీ., చెన్నై సుమారు 400 కి.మీ. దూరములో ఉన్నాయి.

రైలు రాక ముందు

రైలు రాక మునుపు కృష్ణా డెల్టాలో సరుకుల రవాణాకు ప్రధాన సాధనము కాలువలే. బెజవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట 1855 నాటికి పూర్తి అయినది. దాని నుండి త్రవ్విన కాలువలు పొలాలకు నీరు ఇవ్వడమే కాక పడవలు నడవడానికి కూడా ఉపయోగపడేవి. వీటిలో కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాం కాలువతో కలిసేది. ఈ విధముగా డెల్టా ధాన్యము మద్రాసు వరకు నీటి మార్గములోనే చేరగలిగేది. అయితే పడవ ప్రయాణము చాలా నెమ్మదిగా సాగేది. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు అది కూడా ఆగిపోయేది. ఏడాది పొడవునా ఆగకుండా నడిచే రవాణా అవసరము అప్పటికే ఏర్పడి ఉన్నది.

చరిత్ర

ప్రధాన మార్గము

1893 - 1896 సంవత్సరముల మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుండి కటకము వరకు మార్గమును దశలవారీగా ప్రారంభించినది. బెజవాడ - మద్రాసు మార్గము 1899లో పూర్తి అయినది. దీనితో తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు వంటి పట్టణాలు ఒకే ఉక్కు దారిపైకి వచ్చాయి. 1901లో వాల్తేరు - బెజవాడ భాగమును మద్రాసు రైల్వే స్వాధీనము చేసుకొన్నది. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా ఏర్పడ్డాయి. తెలుగు పల్లెలలో పెద్దలు చాలాకాలము "ఎం.ఎస్.ఎం. రైలు" అని వ్యవహరించినది ఈ సంస్థనే.

రైలు వచ్చిన పదేళ్ళకు, 1909లో, తెనాలి పురపాలక సంఘము ఏర్పడినది. పట్టణ వృద్ధికి కాలువలు, వ్యవసాయము మూలమైనా, బియ్యము మిల్లుల సరుకు మద్రాసుకు త్వరగా చేరే వీలు కలిగినది రైలు వలననే.

గుంటూరు, రేపల్లె శాఖలు

మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో గుంటూరు - రేపల్లె బ్రాడ్ గేజ్ మార్గమును నిర్మించినది. ఇది తెనాలి వద్ద ప్రధాన మార్గమును దాటుతుంది. గుంటూరు - తెనాలి, తెనాలి - రేపల్లె అని దీనిలో రెండు భాగములు ఉన్నాయి. ఈ మార్గముతోనే తెనాలి జంక్షన్ అయినది.

ఆ రోజులలో గుంతకల్లు నుండి గుంటూరు వైపు వచ్చే మార్గము మీటర్ గేజ్. అంటే పట్టాల మధ్య దూరము 1,000 మి.మీ. మాత్రమే. తెనాలి మీదుగా పోయే మద్రాసు మార్గము 1,676 మి.మీ. బ్రాడ్ గేజ్. ఒక గేజ్ బండి రెండవ గేజ్ పట్టాలపై నడవదు. కాబట్టి ఒక గేజ్ మార్గములో వచ్చిన సరుకు రెండవ గేజ్ మార్గములో పోవాలంటే పెట్టెలలోనుండి దించి మరల ఎక్కించవలసి వచ్చేది. గుంటూరు ప్రాంతపు పొగాకు, ప్రత్తి, మిర్చి బ్రాడ్ గేజ్ పెట్టెలలోనే నేరుగా మద్రాసుకు పోవడానికి తెనాలి శాఖ వీలు కల్పించినది. గుంటూరు - గుంతకల్లు మార్గము 1990లలో బ్రాడ్ గేజ్‌గా మారిన తరువాతనే ఈ గేజ్ సమస్య పూర్తిగా తొలగినది.

రేపల్లె శాఖ వలన కృష్ణా నది కుడి గట్టు వెంట సముద్రము దాకా ఉన్న గ్రామాలకు రైలు అందినది. వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతముల ధాన్యము తెనాలి చేరడానికి ఇది ముఖ్య సాధనమైనది.

1942 ఆగష్టు 12 సంఘటన

1942 ఆగష్టు 8న బొంబాయిలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ క్విట్ ఇండియా తీర్మానమును ఆమోదించినది. మరునాడు తెల్లవారుజామున మహాత్మా గాంధీని, ఇతర నాయకులను ప్రభుత్వము అరెస్టు చేసినది. దేశమంతటా ప్రజలు ఆగ్రహముతో వీధులలోకి వచ్చారు. నాయకులు జైళ్ళలో ఉండడము వలన చాలాచోట్ల ఉద్యమము ప్రజల చేతులలోనే నడిచినది.

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలము. అదే సంవత్సరము ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు వేశాయి. మద్రాసును కలకత్తాతో కలిపే తూర్పు తీరపు రైలు మార్గము ప్రభుత్వానికి ఎంతో కీలకమైనది. రైలు, తంతి తీగలు ఆగితే ప్రభుత్వ యంత్రాంగము ఆగుతుందన్న భావముతో ఉద్యమకారులు దేశములో అనేక చోట్ల స్టేషన్లను లక్ష్యముగా చేసుకొన్నారు.

ఆగష్టు 12న తెనాలిలో హర్తాళ్ జరిగినది. పెద్ద సంఖ్యలో ప్రజలు ఊరేగింపుగా రైల్వే స్టేషనుకు చేరి దానికి నిప్పు పెట్టారు. తరువాత పోలీసులు జరిపిన కాల్పులలో ఏడుగురు మరణించారు. వారు: మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగయ్య, భాస్కరుని లక్ష్మీనారాయణ, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య. ఇంటి పేర్లను బట్టి చూచినా వీరు ఒకే కులానికి గాని, ఒకే వర్గానికి గాని చెందినవారు కారని తెలుస్తుంది.

వీరి స్మారకముగా పట్టణములో స్తూపములు నిర్మించారు. ఆ కూడలికి "రణరంగ చౌక్" అని పేరు. ప్రతి సంవత్సరము ఆగష్టు 12న అక్కడ అమరవీరులకు నివాళి అర్పిస్తారు. తగులబడిన స్టేషను తరువాత తిరిగి వాడుకలోకి వచ్చినది. ప్రస్తుతము ఆ స్టేషనులో రైలు దిగేవారికి ఈ చరిత్రను గుర్తుచేసేది ఊరిలోని ఆ చౌక్ పేరే.

స్వాతంత్ర్యానంతరము

1944లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే నిర్వహణ ప్రభుత్వపరమైనది. 1951 ఏప్రిల్ 14న ఏర్పడిన దక్షిణ రైల్వేలో ఇది కలిసినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినపుడు విజయవాడ డివిజను దానిలోకి మారినది. 2003 ఏప్రిల్ 1 నుండి గుంటూరు ప్రత్యేక డివిజను అయినది. అప్పటి నుండి తెనాలి వద్ద రెండు డివిజన్ల హద్దు ఏర్పడినది.

2019 ఫిబ్రవరి 27న కేంద్ర ప్రభుత్వము విశాఖపట్నము కేంద్రముగా దక్షిణ కోస్తా రైల్వే జోనును ప్రకటించినది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లను ఈ జోనుకు కేటాయించారు. జోను ప్రధాన కార్యాలయమునకు 2025 జనవరి 8న విశాఖపట్నములో శంకుస్థాపన జరిగినది.

విద్యుదీకరణ, అదనపు మార్గములు

విజయవాడ - చెన్నై మార్గము విద్యుదీకరణ 1980 నాటికి పూర్తి అయినది. అప్పటి వరకు బొగ్గు, డీజిలు ఇంజన్లతో నడిచిన బండ్లు 25 కిలోవోల్టుల విద్యుత్తుతో నడవడము మొదలైనది. శాఖా మార్గములలో మాత్రము డీజిలు ఇంజన్లు చాలాకాలము కొనసాగాయి. దీని వలన ప్రధాన మార్గములో విద్యుత్ ఇంజనుతో వచ్చిన బండి శాఖా మార్గములోకి పోవాలంటే ఇంజను మార్చవలసి వచ్చేది.

గుంటూరు - తెనాలి మార్గమును రెండు వరుసలుగా విస్తరించడము, విద్యుదీకరించడము 2019లో పూర్తి అయ్యాయి. ఒకే వరుస ఉన్నపుడు ఎదురుగా వచ్చే బండి కోసము ఏదో ఒక స్టేషనులో ఆగి దారి ఇవ్వవలసి ఉండేది. రెండు వరుసల వలన ఆ ఆలస్యము తప్పినది. రేపల్లె శాఖ కూడా తరువాత విద్యుదీకరణ అయినది. అది ఒకే వరుస మార్గము.

విజయవాడ - గూడూరు మధ్య సుమారు 288 కి.మీ. మూడవ మార్గము నిర్మాణము 2015-16లో మంజూరైనది. దీనిని భాగములుగా పూర్తిచేసి వాడుకలోకి తెచ్చే పద్ధతిని అనుసరించారు. గూడ్సు బండ్ల కోసము ప్రయాణికుల బండ్లు ఆగకుండా ఉండడము దీని ముఖ్య ప్రయోజనము. 2022లో ఈ మార్గముపై గరిష్ఠ వేగమును గంటకు 130 కి.మీ.కు పెంచారు.

జంక్షన్ పనిచేసే విధానము

పటములో చూచినపుడు విజయవాడ దక్షిణాన ఉన్న కృష్ణా కెనాల్ జంక్షన్, గుంటూరు, తెనాలి ఒక త్రిభుజము మూడు కొనలుగా కనిపిస్తాయి. కృష్ణా కెనాల్ నుండి ఒక మార్గము గుంటూరుకు, ఒక మార్గము తెనాలికి పోతాయి. గుంటూరు - తెనాలి మార్గము ఈ రెండింటిని కలుపుతుంది. ఈ మూడవ భుజము వలన హైదరాబాదు వైపు నుండి చెన్నై లేదా తిరుపతి పోవలసిన బండ్లు విజయవాడ స్టేషనులోకి పోనవసరము లేకుండా గుంటూరు మీదుగా తెనాలి వచ్చి ప్రధాన మార్గములో కలుస్తాయి. గుంటూరు నుండి వచ్చిన బండి తెనాలిలో ఇంజనును రెండవ చివరకు మార్చకుండానే నేరుగా బాపట్ల వైపు సాగిపోగలదు.

1980ల చివరలో నడికుడి - బీబీనగర్ మార్గము పూర్తికావడముతో ఈ సౌలభ్యము మరింత పెరిగినది. నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి, గుంటూరు మీదుగా సికింద్రాబాదు చేరే దారి ఏర్పడినది. దానికి ముందు తెనాలి నుండి సికింద్రాబాదుకు విజయవాడ, వరంగల్లు మీదుగా పోవలసి వచ్చేది. దేశములో అత్యంత రద్దీ గల కూడళ్ళలో ఒకటైన విజయవాడపై భారము తగ్గించడములో తెనాలి పాత్ర ఇదే.

మార్గములు, స్టేషన్లు

తెనాలి నుండి నాలుగు వైపుల ఉన్న దగ్గరి స్టేషన్లు ఈ విధముగా ఉన్నాయి.

* విజయవాడ వైపు: కొలకలూరు, దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కొలనుకొండ, కృష్ణా కెనాల్ జంక్షన్.
* గూడూరు వైపు: మోదుకూరు, చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల. పొన్నూరు పట్టణమునకు నిడుబ్రోలే స్టేషను.
* గుంటూరు వైపు: అంగలకుదురు, సంగం జాగర్లమూడి, వేజండ్ల, గుంటూరు.
* రేపల్లె వైపు: చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. చుండూరు, వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. అందువలన రేపల్లె శాఖ ఇప్పుడు రెండు జిల్లాలను కలిపే మార్గమైనది.

సంగం జాగర్లమూడి

గుంటూరు - తెనాలి మార్గములోని చిన్న స్టేషన్లలో సంగం జాగర్లమూడి ఒకటి. తెనాలి మండలములోని ఈ గ్రామము సంగమేశ్వరస్వామి ఆలయమునకు, గుంటూరు నగరమునకు త్రాగునీరు పంపే కేంద్రమునకు ప్రసిద్ధి. ఇక్కడ వేగ బండ్లు ఆగవు. గ్రామస్థులకు ఉపయోగపడేవి ప్యాసింజరు బండ్లే.

ఇటువంటి స్టేషన్లకు ప్యాసింజరు బండ్ల విలువ ఎంతో 2020లో తెలిసినది. కోవిడ్ కారణముగా 2020 మార్చి 22 అర్ధరాత్రి నుండి దేశమంతటా ప్రయాణికుల రైళ్ళను నిలిపివేశారు. తరువాత అనేక ప్యాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ ప్రత్యేక రైళ్ళుగా నడపడము వలన కనీస ఛార్జీ 10 రూపాయల నుండి 30 రూపాయలకు పెరిగినది. పది, పదిహేను కిలోమీటర్లు ప్రయాణించే కూలీలకు, విద్యార్థులకు, కూరగాయలు, పాలు అమ్ముకొనేవారికి ఇది మూడు రెట్ల భారమైనది. 2024 ఫిబ్రవరిలో పాత కనీస ఛార్జీని పునరుద్ధరించారు. ఎక్స్‌ప్రెస్ బండి ఎంత వేగముగా పోయినా, అది ఆగని ఊరికి దాని వలన ప్రయోజనము లేదు. జంక్షన్ నుండి చిన్న స్టేషన్లకు పోయే బండ్లు సరిగా నడిచినపుడే జంక్షన్ ఆ ప్రాంతమునకు పూర్తిగా ఉపయోగపడుతుంది.

రైలు సర్వీసులు

తెనాలి మీదుగా పోయే రైళ్ళను మూడు విధములుగా చెప్పవచ్చును.

మొదటివి విజయవాడ - చెన్నై ప్రధాన మార్గములో నడిచేవి. విజయవాడ - చెన్నైల మధ్య నడిచే పినాకిని ఎక్స్‌ప్రెస్, తిరుపతి - ఆదిలాబాద్‌ల మధ్య నడిచే కృష్ణా ఎక్స్‌ప్రెస్, గూడూరు - సికింద్రాబాదుల మధ్య నడిచే సింహపురి ఎక్స్‌ప్రెస్, హైదరాబాదును చెన్నైతో కలిపే చార్మినార్ ఎక్స్‌ప్రెస్, కాకినాడను చెన్నై వైపు కలిపే సర్కార్ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నమును తిరుపతితో కలిపే తిరుమల ఎక్స్‌ప్రెస్ వీటిలో ముఖ్యమైనవి. 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన చెన్నై - విజయవాడ వందే భారత్ రైలుకు తెనాలిలో ఆగే సౌకర్యము కల్పించారు. తరువాత ఈ బండిని నరసాపురము వరకు పొడిగించారు.

రెండవవి గుంటూరు, నల్గొండల మీదుగా సికింద్రాబాదు పోయేవి. తిరుపతి నుండి నడిచే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్, తిరువనంతపురము నుండి నడిచే శబరి ఎక్స్‌ప్రెస్ ఈ కోవకు చెందినవి. 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన సికింద్రాబాదు - తిరుపతి వందే భారత్ రైలు కూడా గుంటూరు - తెనాలి మార్గములోనే ప్రయాణిస్తుంది.

మూడవవి దగ్గరి ఊళ్ళకు నడిచే ప్యాసింజరు, మెమూ బండ్లు. విజయవాడ, గుంటూరు, ఒంగోలు, రేపల్లె వైపు ఇవి నడుస్తాయి. ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు సీజను టికెట్లతో వీటిలోనే ప్రతిదినము ప్రయాణిస్తారు. రేపల్లె నుండి సికింద్రాబాదు ప్రాంతమునకు తెనాలి, గుంటూరుల మీదుగా పోయే రాత్రి బండి ప్రజలలో "డెల్టా" అనే పేరుతో ప్రసిద్ధి చెందినది.

పట్టణ జీవితముతో సంబంధము

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసులో ఉన్న కాలములో తెనాలి ప్రాంతము నుండి అనేకమంది నటులు, రచయితలు అక్కడకు వెళ్ళారు. గోవిందరాజుల సుబ్బారావు, కాంచనమాల, చక్రపాణి, బుర్రిపాలెమునకు చెందిన కృష్ణ ఈ ప్రాంతము వారే. తెనాలిలో బలముగా ఉన్న నాటక సమాజములు, ప్రచురణ సంస్థలు దీనికి పునాది వేశాయి. మద్రాసుకు నేరుగా పోయే రైలు మార్గము ఆ రాకపోకలను సులభము చేసినది.

వ్యవసాయోత్పత్తుల వ్యాపారములోను ఈ మార్గములకు సంబంధము ఉన్నది. తెనాలి బియ్యము, నిమ్మ వ్యాపారములకు ప్రసిద్ధి. దుగ్గిరాల పసుపు మార్కెటు విజయవాడ వైపు మార్గముపైననే ఉన్నది. కాలక్రమములో సరుకు రవాణాలో ఎక్కువ భాగము లారీలకు మారినది.

రేపల్లె శాఖపై ఉన్న భట్టిప్రోలు చరిత్ర విద్యార్థులు చూడదగిన స్థలము. అక్కడి బౌద్ధ స్తూపములో 1892లో అలెగ్జాండర్ రీ బ్రాహ్మీ శాసనములు గల ధాతు కరండములను వెలికితీశాడు. దక్షిణ భారతదేశ లిపుల చరిత్రలో ఈ శాసనములకు విశేష స్థానము కలదు.

సౌకర్యములు, అభివృద్ధి

స్టేషనులో రిజర్వేషను కేంద్రము, సాధారణ టికెట్ కౌంటర్లు, ప్రయాణికుల విశ్రాంతి గదులు, ప్లాట్‌ఫారములను కలిపే పాదచారుల వంతెన ఉన్నాయి. అమృత్ భారత్ స్టేషన్ పథకము క్రింద తెనాలి, రేపల్లె స్టేషన్లు రెండూ అభివృద్ధికి ఎంపికైనాయి. ఈ పథకములో భాగముగా 2023 ఆగష్టు 6న దేశములో 508 స్టేషన్ల పనులకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. స్టేషను భవనము, ముందరి ఆవరణ, ప్లాట్‌ఫారముల కప్పులు, లిఫ్టులు, సూచిక బోర్డులు మొదలైనవి మెరుగుపరచడము ఈ పథకము ఉద్దేశము.

ప్రతిపాదనలు

రేపల్లె మార్గము 1916 నుండి రేపల్లెతోనే ఆగిపోయినది. కృష్ణా నదికి ఆవల ఉన్న మచిలీపట్నము కూడా వేరొక శాఖా మార్గమునకు చివరి స్టేషను. ఈ రెండు చివరలను కలుపుతూ నదిపై వంతెనతో రైలు మార్గము వేయాలని దివిసీమ, రేపల్లె ప్రాంతముల ప్రజలు చిరకాలముగా కోరుతున్నారు. పెనుమూడి - పులిగడ్డ రోడ్డు వంతెన వలన బస్సులు, లారీలు నదిని దాటుతున్నా, రైలు మాత్రము దాటలేదు. ఈ మార్గము ఏర్పడితే మచిలీపట్నము నుండి చెన్నై వైపు పోయే బండ్లు విజయవాడ చుట్టూ తిరిగి రానవసరము లేకుండా తెనాలికి చేరగలవు. తీరప్రాంతములో తుఫానుల సమయములో సహాయము అందించడానికి కూడా ఇది రెండవ దారి అవుతుంది.